స్టేటస్‌లో పెట్టిన ఫొటో ఎవరిదాకా వెళ్తుంది?

క్లుప్తంగా: వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో ఫొటోను కొందరికే కనిపించేలా పెట్టుకోవచ్చు. ఆ సెట్టింగ్ నిర్ణయించేది ఒక్కటే, ఫొటో నేరుగా ఏ అకౌంట్లకు చేరాలన్నది. చేరాక ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో, అక్కడి నుంచి ఫొటో ఎటు పోతుందో దాని అదుపులో ఉండదు. ఒకే ఫోనును ఇంటిల్లిపాదీ వాడే, వలసలు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. చట్టం అండ కొంత ఉంది, కానీ బంధువులు పెట్టే మామూలు ఫొటోల విషయంలో అది దాదాపు లేనట్టే.

రాజాంలో ఒక ఇంట్లో ఓణీల ఫంక్షన్ జరిగిందనుకుందాం. ఆడపడుచు కుటుంబంతో మాటలు అంతంతమాత్రం. స్థలం తగాదా వల్ల పక్కింటివాళ్లతోనూ పడదు. తల్లి స్టేటస్ సెట్టింగ్‌లోకి వెళ్లి ఆ రెండిళ్ల నంబర్లు గుర్తున్నంత వరకు తీసేసి, తర్వాతే ఫొటోలు పెట్టింది. సాయంత్రం కాకముందే ఆడపడుచు నుంచి ఫోను. “ఫంక్షన్ బాగా చేశారట వదినా, పిల్లకి ఆ గంధం రంగు పట్టు భలే నప్పింది.”

మొదటి అనుమానం యాప్ మీదికే పోతుంది. సెట్టింగ్ పనిచెయ్యలేదా, ఫోను ఎవరైనా హ్యాక్ చేశారా అని టెన్షన్ మొదలవుతుంది. చాలాసార్లు అవేవీ జరిగి ఉండవు. ఆడపడుచు నంబరు తీసేశారు గానీ, ఇంటర్ చదివే ఆమె కూతురి నంబరు జాబితాలో మిగిలిపోయి ఉంటుంది. లేదంటే ఫంక్షన్‌లో పనులు చూసుకున్న పిన్ని అవే ఫొటోలను తన స్టేటస్‌లో పెట్టి ఉంటుంది, ఆమె ఎవరినీ తీసెయ్యలేదు. అదీ కాకపోతే చూసినవాళ్లలో ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పంపి ఉంటారు. మూడింటిలో ఏది జరిగినా యాప్ తనకు చెప్పిన పని చెప్పినట్టే చేసింది. ఆ పని ఎక్కడితో ఆగిపోతుందో చాలామందికి తెలియదు.

బీరువాలో ఆల్బమ్

పాతికేళ్ల కిందట ఇదే ఫంక్షన్ జరిగితే ఫొటోలు ఊళ్లోని స్టూడియోవాళ్లు తీసేవారు. వారం పది రోజులకు ఆల్బమ్ ఇంటికొచ్చి బీరువాలో చేరేది. ఎవరైనా వస్తే ఇంటావిడ దాన్ని బయటికి తీసి, పక్కన కూర్చుని, పేజీ తిప్పుతూ చూపించేది. ఎవరికి చూపించాలో, ఏ పేజీ దాటెయ్యాలో ఆమె చేతిలోనే ఉండేది. చూసినవాళ్లకు ఒక కాపీ కావాలంటే స్టూడియోలో నెగెటివ్ వెతికించాలి, డబ్బులివ్వాలి, మళ్లీ తిరగాలి. ప్రైవసీ కోసమని ఎవరూ ఏ ఏర్పాటూ చెయ్యలేదు. కాపీ తీయించడంలోని శ్రమే కాపలాగా ఉండేది.

పెళ్లి సంబంధాల్లో అయితే మర్యాద కూడా దీనికి తోడయ్యేది. అమ్మాయి ఫొటో మధ్యవర్తి ద్వారా అబ్బాయి ఇంటికి వెళ్లేది. సంబంధం కుదరకపోతే ఫొటో తిరిగి ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే మనిషిని పంపి మరీ తెప్పించుకునేవారు. పరాయి ఇంట్లో పిల్ల ఫొటో ఉండిపోకూడదన్న పట్టుదల అది. ఒకరికి ఇచ్చిన ఫొటోను వెనక్కి తీసుకునే పద్ధతి అప్పట్లో ఉంది, అందరూ దాన్ని పాటించేవారు.

ఫోనులో చూపించడం అంటేనే కాపీ ఇవ్వడం. ఎదుటి తెర మీద ఫొటో కనిపించాలంటే ఆ ఫొటో మొత్తం ముందు ఎదుటి ఫోనులోకి వెళ్లాలి. పక్కన కూర్చుని పేజీ తిప్పడానికి సరిపోలే ఏర్పాటు సాంకేతికంగా లేదు. వెళ్లిన కాపీని ఎదుటి ఫోనులోని యాప్ కొంతసేపే చూపించి తర్వాత దాచేస్తుంది. ‘పరిమితంగా పంచడం’ కింద కంపెనీలు ఇచ్చే సౌకర్యాలన్నీ ఎదుటి ఫోనులోని యాప్ ఆ మాట నిలబెట్టుకుంటుందన్న నమ్మకం మీదే నడుస్తాయి.

కాంటాక్ట్స్‌లో ఎవరున్నారు?

ఈ రెండు జిల్లాల్లో ఫొటోలు పంచుకునే యాప్ అంటే ముందు చెప్పుకోవలసింది వాట్సాప్ స్టేటస్ గురించే. 24 గంటలకు మాయమయ్యే ఫొటో స్టేటస్‌లు 2017లో వచ్చాయి. చూసేవారిని ఎంచుకోవడానికి మూడు దారులున్నాయి: కాంటాక్ట్స్ అందరికీ, కొందరిని మినహాయించి, ఎంచుకున్న వారికి మాత్రమే. ఏదీ మార్చకుండా వదిలేస్తే మొదటిదే ఉంటుంది.

ఇందులో చాలామంది గమనించని నియమం ఒకటుంది. స్టేటస్ కనిపించాలంటే రెండు వైపులా నంబర్లు సేవ్ అయి ఉండాలి. అవతలివాళ్లు ఒక్కరే మన నంబరు సేవ్ చేసుకుంటే వాళ్లకు మన స్టేటస్ రాదు. ఇది మంచి రక్షణే. అయితే రెండు వైపులా సేవ్ అయిన నంబర్లు ఎవరివో ఒకసారి లెక్క చూడాలి. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి, పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లే ఆటో డ్రైవరు, చీటీ పాట నడిపే ఆవిడ, పలాసలో జీడిపప్పు కొన్న దుకాణం, ఇన్సూరెన్స్ ఏజెంటు, రెండేళ్ల కిందట మోటారు బాగుచేసిన మెకానిక్. పనికోసం దాచుకున్న నంబర్లన్నీ ఫొటోలు చూసే జాబితాగా మారిపోయాయి. ‘కాంటాక్ట్స్’ అన్న మాట చూడగానే మనసులో బంధువులు, స్నేహితులే మెదులుతారు. యాప్‌కు మాత్రం పెద్దనాన్న నంబరూ ప్లంబరు నంబరూ ఒకటే.

మినహాయింపు జాబితాలో ఒక ఇబ్బంది ఉంది. కొత్త నంబరు సేవ్ చేసిన ప్రతిసారీ ఆ మనిషి చూసేవాళ్లలో చేరిపోతాడు. వద్దనుకుంటే గుర్తుపెట్టుకుని తీసెయ్యాలి. ‘ఎంచుకున్న వారికి మాత్రమే’ అన్నది దీనికి తిరగబడిన లెక్క, అక్కడ కొత్తవాళ్లు తమంతట తాము చేరరు. మరిచిపోతే మొదటి పద్ధతిలో ఫొటో ఎక్కువమందికి పోతుంది, రెండో పద్ధతిలో తక్కువమందికి పోతుంది. పిల్లల ఫొటోల విషయంలో రెండోదే మేలు అనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఇంకో సంగతి, సెట్టింగ్ మార్చితే ఆ తర్వాత పెట్టే వాటికే వర్తిస్తుంది. అప్పటికే పెట్టేసిన స్టేటస్‌కు పాత జాబితాయే నడుస్తుంది. కంగారులో సెట్టింగ్ మార్చి ఊరుకునేవాళ్లు ఇక్కడే పొరపడతారు. ఆ స్టేటస్‌ను డిలీట్ చేసి మళ్లీ పెట్టాలి.

వాట్సాప్ ప్రొఫైల్ ఫొటోది వేరే సెట్టింగ్. అది మొదట్లో అందరికీ కనిపించేలా ఉంటుంది, నంబరు తెలిసిన ఎవరైనా చూడగలరు. స్టేటస్‌కు అన్ని జాగ్రత్తలూ తీసుకుని కూతురి ఫొటోనే డీపీగా పెట్టుకున్నవాళ్లు మన చుట్టూ చాలామంది కనిపిస్తారు.

యాప్ లెక్కపెట్టేది అకౌంట్లను

సెట్టింగులన్నీ ఒక ఊహ మీద కట్టారు. ఒక అకౌంటు అంటే ఒక మనిషి, ఒక మనిషికి ఒక ఫోను, ఆ ఫోను అతని చేతిలోనే ఉంటుంది. ఈ ఊహ ఇక్కడి ఇళ్లలో తరచూ కుదరదు. స్మార్ట్‌ఫోను కోడలి పేరున ఉన్నా పగలంతా అత్తగారి చేతిలో ఉంటుంది. సాయంత్రం పిల్లలు గేములు ఆడతారు. పక్కింటావిడ వచ్చి కూర్చుంటే స్టేటస్‌లన్నీ కలిసి చూస్తారు, ఆగి పెద్దది చేసి చూస్తారు, చీరల గురించి మాట్లాడుకుంటారు. ఫొటో పెట్టినావిడకు మాత్రం చూసినవాళ్ల జాబితాలో ఒక్క పేరే కనిపిస్తుంది. ఆ ఒక్క పేరు వెనక ఐదుగురు ఉండొచ్చు. నచ్చనివాళ్ల నంబరు ఒక్కటి తీసేస్తే సరిపోతుందన్న ధీమా ఇక్కడే తప్పుతుంది. ఇంట్లో ఒక్క ఫోనుకు వెళ్లినా ఇల్లంతా చూసినట్టే.

వలస దీనికి ఇంకో మలుపు తెచ్చింది. ఎచ్చెర్ల, గార మండలాల తీర గ్రామాల నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు వెళ్తారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లున్నారు. విజయనగరం జిల్లా పల్లెల నుంచి హైదరాబాదు, చెన్నై భవన నిర్మాణ పనులకు పోయేవాళ్లున్నారు. పిల్ల అక్షరాభ్యాసం, కొత్త ఇంటి గుమ్మం, అరసవల్లిలో మొక్కు, ఏదైనా వాళ్లు చూసేది ఫోనులోనే. ఇంటికి దూరంగా ఉన్న మనిషికి ఆ ఫొటోలు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. ప్రైవసీ గురించి మాట్లాడేటప్పుడు ‘అసలు ఫొటోలు పెట్టొద్దు’ అనే సలహా అందుకే ఇక్కడ చెల్లదు.

అయితే బోటు ఎక్కిన మనిషికి రోజుల తరబడి సిగ్నల్ అందదు. 24 గంటల్లో పోయే స్టేటస్ అతను ఒడ్డుకొచ్చేసరికి ఉండదు. కాబట్టి ఇంట్లోవాళ్లు ఫొటోలను ఫ్యామిలీ గ్రూపులో వేస్తారు. గ్రూపులో పడ్డ ఫొటో మాయమవదు. సభ్యుల ఫోన్లలో ఆటో డౌన్‌లోడ్ ఆన్ చేసి ఉంటే నేరుగా గ్యాలరీలోకి దిగుతుంది. ఆ ఫోనులో వాట్సాప్ ఫోల్డరుకు గూగుల్ ఫొటోస్ బ్యాకప్ కూడా ఆన్ చేసి ఉంటే క్లౌడ్‌లోకీ ఎక్కుతుంది. ఒక గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. కులసంఘం గ్రూపు, ఊరి గ్రూపు, ఫ్యామిలీ గ్రూపు పేర్లు వేరైనా సభ్యులు కలగలిసే ఉంటారు. తండ్రికి చేరాలని వేసిన ఫొటో వందమంది గ్యాలరీల్లో మిగిలిపోతుంది. గడువు పెట్టి మాయం చేసే ఏర్పాటు రోజూ ఫోను చూసుకోగలిగిన వాళ్ల జీవితానికి సరిపోయింది. సముద్రంలో ఉన్నవాళ్లకు సరిపోలేదు. ఆ ఖాళీని ఇంట్లోవాళ్లు తమకు తోచినట్టు పూడ్చుకున్నారు.

వాట్సాప్ 2025 ఏప్రిల్‌లో ‘అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ’ అనే సెట్టింగ్ తెచ్చింది. గ్రూపులో దాన్ని ఆన్ చేస్తే చాట్‌ను బయటికి ఎగుమతి చెయ్యడం కుదరదు, ఫొటోలు వాటంతట అవి డౌన్‌లోడ్ కావు. ఫ్యామిలీ గ్రూపులకు ఇప్పటిదాకా వచ్చినవాటిలో పనికొచ్చేది ఇదే. కానీ స్క్రీన్‌షాట్‌ను ఇది కూడా ఆపదు.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్: తాళం ఎవరి తలుపుకు?

కాలేజీ వయసు పిల్లలు స్టేటస్ కన్నా ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కువ ఉంటారు. అక్కడ అకౌంటును ప్రైవేటుగా మార్చుకుంటే ఫాలోవర్లకే పోస్టులు కనిపిస్తాయి. పేరు, బయో, ప్రొఫైల్ ఫొటో మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంటాయి. అప్పటికే ఫాలో అవుతున్నవాళ్లు అలాగే ఉంటారు. మూడేళ్ల కిందట ఊరికే యాక్సెప్ట్ చేసిన అపరిచితుడు తాళం వేశాక కూడా లోపలే ఉన్నట్టు లెక్క. 2018 నవంబరులో వచ్చిన ‘క్లోజ్ ఫ్రెండ్స్’ జాబితా దీనికి లోపలి గది లాంటిది. ఆకుపచ్చ వలయంతో స్టోరీ కనిపిస్తే చూసేవాడికి తాను ఆ జాబితాలో ఉన్నట్టు తెలుస్తుంది.

అసలు చిక్కు ఇంకొకరి పోస్టుతో వస్తుంది. జేఎన్‌టీయూ గురజాడ క్యాంపస్‌లో ఐదుగురు స్నేహితురాళ్లు కలిసి ఫొటో దిగారనుకుందాం. నలుగురివి ప్రైవేటు అకౌంట్లు, ఒకరిది పబ్లిక్. ఆ ఒక్కరు పెడితే ఐదుగురి ముఖాలూ పబ్లిక్. పోస్టు చేసినవారి సెట్టింగే ఫొటోకు వర్తిస్తుంది, ఫొటోలో ఉన్నవారిది కాదు. ట్యాగ్ తీసేసుకుంటే పేరు పోతుంది, ముఖం ఉంటుంది. పబ్లిక్ అకౌంట్ల రీల్స్‌ను ఇతరులు డౌన్‌లోడ్ చేసుకునే వీలును ఇన్‌స్టాగ్రామ్ 2023లో తెచ్చింది. అకౌంటు యజమాని దాన్ని ఆపుకోవచ్చు, రీల్‌లో పక్కన నిలబడ్డవాళ్లు ఆపలేరు. పరిమితంగా పంచుకోవడంలో ఉన్న అతి పెద్ద లోపం ఇదేనని చెప్పొచ్చు. ప్రతి యాప్ ఫొటోను పెట్టినవాడి సొత్తుగా చూస్తుంది.

ఫేస్‌బుక్ కథ కొంచెం వేరు. 2014 మే వరకు కొత్త అకౌంటు తెరిస్తే పోస్టులు మొదట పబ్లిక్‌గానే ఉండేవి, ఆ తర్వాతే ‘ఫ్రెండ్స్’కు మార్చారు. 2010 నుంచి 2013 మధ్య ఇంటర్నెట్ సెంటర్లలో అకౌంట్లు తెరిచి అప్పటి ఫొటోలను మరిచిపోయినవాళ్లు ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోవడం అవసరం. పాత పోస్టులన్నిటినీ ఒకేసారి ఫ్రెండ్స్‌కు పరిమితం చేసే వీలు సెట్టింగ్స్‌లో ఉంది. ప్రొఫైల్ ఫొటోలను దొంగిలించి దొంగ అకౌంట్లు తెరవడం భారత్‌లో సమస్యగా మారడంతో ఫేస్‌బుక్ 2017లో ఇక్కడ ప్రొఫైల్ పిక్చర్ గార్డ్‌ను, 2020లో ప్రొఫైల్ లాక్‌ను తెచ్చింది. ముఖ్యంగా మహిళలను దృష్టిలో పెట్టుకుని చేసినవి ఇవి. స్నేహితులు కానివాళ్లు ఫొటోను పెద్దది చేసి చూడకుండా, డౌన్‌లోడ్ చెయ్యకుండా ఇవి అడ్డుకుంటాయి. ఫ్రెండ్ లిస్టులో ఉన్నవాళ్లను అడ్డుకోవు.

వయసు విషయంలో కొంత మార్పు వచ్చింది. 18 ఏళ్ల లోపు వాళ్ల కోసం ఇన్‌స్టాగ్రామ్ ‘టీన్ అకౌంట్లు’ 2025 ఫిబ్రవరిలో భారత్‌కు వచ్చాయి, అవి మొదటి నుంచే ప్రైవేటుగా ఉంటాయి. పుట్టిన సంవత్సరం తప్పుగా ఇచ్చిన పిల్లలకు ఈ రక్షణ చేరడం కష్టం.

మాయమయ్యే ఫొటో మాయమవుతుందా?

‘చూశాక పోతుంది’ అన్న మాటకు పదేళ్లకు పైగా చరిత్ర ఉంది. ఆ మాటతోనే 2011లో స్నాప్‌చాట్ పుట్టింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ మాట నిజం కాదని ఆరోపణలు పెట్టింది. అందుకున్నవాళ్లు వేరే యాప్‌లతో ఫొటోలను దాచుకోగలుగుతున్నారని ఎత్తిచూపింది. 2014లో కంపెనీ రాజీ కుదుర్చుకుంది. ఇది ఆ ఒక్క కంపెనీకి పరిమితమైన చిక్కు కాదు. కాపీ ఎదుటి ఫోనుకు చేరడం ఉన్నంతకాలం ఇది ఏదో రూపంలో ఉంటుంది.

వాట్సాప్‌లో ‘వ్యూ వన్స్’ 2021లో వచ్చింది, దానికి స్క్రీన్‌షాట్ అడ్డు 2022లో తోడైంది. ఒకసారి తెరిచాక మళ్లీ తెరుచుకోదు, ఫార్వర్డ్ కాదు, 14 రోజుల్లో తెరవకపోతే గడువు పోతుంది. ఆధార్ కార్డు ఫొటోలాంటివి పంపడానికి ఇది పనికొస్తుంది. నమ్మకం లేని మనిషికి ఏకాంతపు ఫొటో పంపడానికి పనికిరాదు, ఎందుకంటే పక్కన ఇంకో ఫోను పెట్టి తెరను ఫొటో తీయడాన్ని ఏ యాప్ కూడా చూడలేదు.

పెళ్లి సంబంధాల ఫొటోలు, ఫొటోగ్రాఫర్ లింకులు

తిరిగి ఇచ్చే ఫొటో దగ్గరికి మళ్లీ వద్దాం. ఇప్పుడు అమ్మాయి బయోడేటా, మూడు ఫొటోలు మధ్యవర్తి వాట్సాప్‌కు వెళ్తాయి. అక్కడి నుంచి ఇంకో ఊరి మధ్యవర్తికి, అక్కడి నుంచి కుల సంబంధాల గ్రూపుకు పోతాయి. ఫొటోతోపాటు పుట్టిన తేదీ, నక్షత్రం, చదువు, జీతం, తండ్రి ఫోను నంబరు, ఊరు కూడా వెళ్తాయి. మోసగాడికి ఇంతకన్నా నిండైన సమాచారం ఇంకెక్కడా దొరకదు. అమ్మాయికి పెళ్లయి పాప పుట్టాక కూడా ఆ బయోడేటా ఎక్కడో ఫార్వర్డ్ అవుతూనే ఉండొచ్చు. పాత మర్యాదలో ‘తిరిగి ఇవ్వడం’ ఉండేది. వాట్సాప్‌లో దానికి దగ్గరగా ఉన్నది ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’, దానికి గడువు రెండు రోజులకు కాస్త పైన. ఒక సంబంధం తేలడానికి రెండు రోజులు సరిపోవు.

ఇక్కడ ఉపయోగపడే మార్గం ఒకటుంది. ఫొటోను నేరుగా పంపకుండా గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, అవతలి కుటుంబంలో ఒకరి ఈమెయిల్‌కు మాత్రమే చూసే అనుమతి ఇవ్వొచ్చు. డౌన్‌లోడ్ ఆపొచ్చు, సంబంధం తప్పిపోతే అనుమతి తీసెయ్యొచ్చు. స్క్రీన్‌షాట్‌ను ఇదీ ఆపదు గానీ, వెనక్కి తీసుకునే వీలు కొంతవరకు తిరిగొస్తుంది. ఈమెయిల్ అంటే విసుక్కునే మధ్యవర్తులకు ఇది నచ్చకపోవచ్చు. ఫొటో పంపేది అమ్మాయి తరఫువాళ్లు కాబట్టి షరతు పెట్టే హక్కూ వాళ్లదే.

పెళ్లి అయ్యాక ఫొటోగ్రాఫర్ పంపే లింకు సంగతి కూడా ఇలాంటిదే. వేల ఫొటోలు ఒక ఫోల్డరులో పెట్టి ‘లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అని వదులుతారు. ఆ లింకు బంధువుల గ్రూపుల్లో తిరుగుతుంది. పెళ్లికూతురి గదిలో తయారవుతున్నప్పటి ఫొటోలు, స్నానాల ఘట్టం, పిల్లల ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. సెల్ఫీ ఇస్తే అతిథి ఉన్న ఫొటోలను వెతికి పెట్టే సేవలను కొన్ని స్టూడియోలు వాడుతున్నాయి. సౌకర్యంగానే ఉంటుంది, కానీ దానికోసం పెళ్లికి వచ్చిన ప్రతి ముఖాన్నీ కంప్యూటరు కొలిచి పెట్టుకుంటుంది. వచ్చినవాళ్లను ఎవరూ అడగరు. ఆ కొలతలను ఎన్నాళ్లు ఉంచుతారో స్టూడియోను అడగవలసిన బాధ్యత పెళ్లివారిదే.

గ్యాలరీకి ఇంకో తలుపు

యాప్‌లో ఎన్ని తాళాలు వేసినా ఫోను గ్యాలరీకి వేరే తలుపు ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో లోన్ యాప్‌ల వేధింపులు దీన్ని చాలా ఘోరంగా చూపించాయి. ఐదు వేల అప్పు కోసం యాప్ వేసుకుంటే అది కాంటాక్ట్స్, గ్యాలరీ అనుమతులు అడిగేది. వాయిదా తప్పితే ఫొటోలను మార్ఫింగ్ చేసి కాంటాక్ట్స్‌లోని బంధువులకు పంపేవారు. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ఫొటోలను వాళ్లు ఎవరితోనూ పంచుకోలేదు, సొంత ఫోనులో దాచుకున్నారంతే.

2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రుణాల మార్గదర్శకాల్లో ఫొటోలు, ఫైళ్లు, కాంటాక్ట్స్, కాల్ లాగ్‌లను రుణ యాప్‌లు ముట్టుకోకూడదని చెప్పింది. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే స్టోర్ కూడా వ్యక్తిగత రుణ యాప్‌లకు ఫొటోల, కాంటాక్ట్స్ అనుమతిని నిషేధించింది. లింకు పంపి ప్లే స్టోర్ బయట నుంచి వేయించే యాప్‌లకు ఈ కట్టడి తగలదు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి ‘ఎంచుకున్న ఫొటోలు మాత్రమే’ చూసే అనుమతి ఇవ్వొచ్చు. ఐఫోన్లలో ఇది 2020 నుంచే ఉంది. ఏ యాప్ గ్యాలరీ అడిగినా ఈ జవాబు చాలు.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. దాన్ని ఫొటోల దాకా తెచ్చే చట్టాలు వేర్వేరు చోట్ల ఉన్నాయి.

అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నది భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం పాత ఐపీసీ 354సీని కొనసాగించింది. స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పటి దృశ్యాలను తీయడం, పంచడం నేరం. మొదటిసారి నేరానికి ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంటుంది. దానికి ఇచ్చిన వివరణ ముఖ్యమైనది. ఫొటో తీయడానికి ఆమె ఒప్పుకున్నా, ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే పంచినవాడిది నేరమే. ‘ఆమే పంపింది కదా’ అన్న వాదన అక్కడ నిలవదు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లడానికి జంకే అమ్మాయిలకు ఈ ఒక్క మాట తెలిసి ఉండాలి. వ్యక్తి స్త్రీ అయినా పురుషుడైనా శరీరపు గుప్త భాగాల ఫొటోను సమ్మతి లేకుండా తీసినా, ప్రచురించినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

నగ్నదృశ్యాల మీద, మార్ఫింగ్ చేసిన ఫొటోల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో చర్య తీసుకోవాలని 2021 ఐటీ నియమాలు సోషల్ మీడియా కంపెనీలకు గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. ఫిర్యాదు బాధితుల తరఫున వేరొకరు కూడా చెయ్యొచ్చు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులను పేరు చెప్పకుండానూ ఇవ్వొచ్చు. సమ్మతి లేకుండా ఏకాంతపు ఫొటోలు పంచడాన్ని ఆపడానికి 18 ఏళ్లు దాటినవారికి ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే సేవ 2021 డిసెంబరు నుంచి ఉంది. ఫొటోను ఎవరికీ పంపకుండా ఫోనులోనే దాని నుంచి ఒక అంకెల ముద్ర తయారవుతుంది. ఆ ముద్రతో సరిపోలే ఫొటోను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివి గుర్తించి ఆపగలవు. ఫొటోను ఇంకొకరికి చూపించాల్సి వస్తుందన్న భయంతో ఫిర్యాదు మానుకునేవారికి ఇది మేలైన దారి.

మామూలు ఫొటోల దగ్గరికి వస్తే చట్టం పలచబడుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కంపెనీల మీద బాధ్యతలు పెడుతుంది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు, ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమలవుతాయి. రెండు మినహాయింపులను గమనించాలి. వ్యక్తిగతంగా, ఇంటి అవసరాలకు వాడుకునే డేటాకు ఈ చట్టం వర్తించదు. అంటే పిన్ని స్టేటస్‌లో పెట్టిన ఫంక్షన్ ఫొటో దీని పరిధిలోకి రాదు. రెండోది, మనిషి తనంతట తాను బహిరంగం చేసిన డేటాకూ ఇది వర్తించదు. అకౌంటును పబ్లిక్‌గా ఉంచడమా ప్రైవేటుగా ఉంచడమా అన్నది చూసేవారి లెక్క మాత్రమే అనుకుంటాం. అది చట్టపరమైన రక్షణను కూడా మార్చగలదు.

ముఖం ఒక్కటి చాలు

ఇన్నాళ్లూ ‘అభ్యంతరకరమైన ఫొటో లేకపోతే భయం లేదు’ అనుకునేవాళ్లం. ఏఐ ఆ లెక్క మార్చేసింది. 2025 సెప్టెంబరులో గూగుల్ ఏఐ యాప్ జెమినిలో సెల్ఫీ ఇచ్చి పాతకాలపు చీరకట్టు ఫొటోలు చేయించుకునే ట్రెండ్ దేశమంతా పాకింది. సరదాగా చేసుకున్నవాళ్లే ఎక్కువ. ఒక్క ముఖం ఫొటో ఇస్తే బట్టలు, చోటు, భంగిమ అన్నీ మారిపోతాయని ఇంటింటికీ తెలిసింది. అదే పని చెడ్డ ఉద్దేశంతో చేసేవాళ్లకు సిరిమానోత్సవం జనంలో తీసిన స్పష్టమైన ముఖం కూడా సరిపోతుంది. కాబట్టి ఇకమీదట ఫొటోలో ఏముందన్న ప్రశ్న కన్నా, అది ఎంతమంది చేతుల్లో ఉందన్న ప్రశ్నే పెద్దదవుతుంది. పరిమితంగా పంచుకోవడం పూర్తి రక్షణ ఇవ్వకపోయినా చేతుల సంఖ్యను తగ్గిస్తుంది. దాని అసలు ప్రయోజనం అదే, అది చిన్నదేమీ కాదు.

రాజాం ఇంట్లో మళ్లీ ఫంక్షన్ జరిగితే సెట్టింగ్ కన్నా ముందు జరగాల్సిన పని పిన్నితో మాట్లాడడం. “పిల్ల ఫొటోలు నువ్వు స్టేటస్‌లో పెట్టకు పిన్నీ, గ్రూపులో నేనే వేస్తాను” అని తల్లి ముందుగా చెబితే, ఏ యాప్ కూడా మూయలేని దారి ఒకటి మూసుకుంటుంది. అదే మాటను ఫ్యామిలీ గ్రూపు వివరణలో ఒక వాక్యంగా రాసి పెట్టొచ్చు, కొత్తగా చేరేవాళ్లకూ కనిపిస్తుంది. ఫొటోగ్రాఫరుకు అడ్వాన్సు ఇచ్చే రోజే లింకు ఎన్నాళ్లు ఉంచాలో, ఎవరికి తెరుచుకోవాలో చెప్పాలి. స్టేటస్‌కు ‘ఎంచుకున్న వారికి మాత్రమే’ అన్నది పెట్టి, వెరావల్‌లో ఉన్న తండ్రికి విడిగా ఆయన నంబరుకే పంపితే, బోటు ఒడ్డుకొచ్చి సిగ్నల్ అందిన రోజున ఫొటోలు ఆయన కోసం అక్కడే ఉంటాయి.